కష్టకాలంలో ఫొటోగ్రఫీ వల్ల నిజంగా ఏమైనా మారుతుందా? కర్నూలు నుంచి ఒక జవాబు

"నాన్నకు పక్షవాతం వచ్చాక బెంగళూరు ఉద్యోగం వదిలేసి ఆదోని వచ్చేశాను. పగలూ రాత్రీ ఇంట్లోనే. దేని మీదా మనసు నిలవడం లేదు. ఫొటోగ్రఫీ మొదలుపెట్టు, తేలికపడతావు అంటున్నాడు ఫ్రెండ్. నిజంగా ఏమైనా మారుతుందా, బతుక్కి ఏదైనా అర్థం ఉన్నట్టు అనిపిస్తుందా, లేక ఉన్న నాలుగు డబ్బులూ కెమెరాకు తగలేయడమేనా?" అని మీరు అడిగారు.

కెమెరా సంగతి చివర్లో చెప్తాను. మారుతుందా అంటే, నాకు మారింది. కానీ ఫొటోలు తీయడం మొదలుపెట్టగానే మారలేదు, వాటిని చూసే మనిషి ఒకరు దొరికాకే మారింది. మీ ఫ్రెండ్ ఈ రెండో సంగతి చెప్పినట్టు లేడు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది కర్నూలు. మా ఆయనకు కిడ్నీలు రెండూ పాడై కొన్నేళ్లుగా డయాలసిస్ నడుస్తోంది. వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద. మాకు దొరికింది పొద్దున షిఫ్టు. చీకటితోనే లేచి, టిఫిన్ డబ్బా కట్టుకుని ఆటోలో వెళ్తాం. మిషన్ పెట్టాక అటెండర్లను లోపల ఉండనివ్వరు, బయట కుర్చీల్లో కూర్చోవాలి. ఆ కుర్చీల్లో జరిగే మాటలన్నీ ఒకటే రకం. ఎవరికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత వచ్చింది, ఎవరికి రక్తం తగ్గింది, మూల బెడ్డు మీద ఉండే ఆయన ఈ మధ్య ఎందుకు రావడం లేదు. ఆ చివరి ప్రశ్న ఎవరైనా అడిగితే చాలు, నాకు అక్కడ కూర్చోబుద్ధి అయ్యేది కాదు. లేచి రోడ్డు మీదికి వచ్చేసేదాన్ని. చేతిలో ఫోన్ ఉండేది, అంతే. ఫొటోగ్రఫీ అని పేరు పెట్టి మొదలుపెట్టిన పని కాదు ఇది.

మొదట తీసింది ఉగ్గాని బండి. పొద్దున ఏటవాలు ఎండలో బజ్జీల బాణలి మీదనుంచి పొగ లేస్తుంటే బాగుందనిపించి తీశాను. అది మా ఆయనకు వాట్సాప్‌లో పంపాను. ఆయన బజ్జీలు మానేసి చాలా రోజులైంది, కనీసం చూస్తారులే అని. లోపల ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం, ఉన్న ఎడమ చెయ్యి కదపకూడదు. కుడి చేత్తో ఫోన్ పట్టుకుని వాయిస్ మెసేజ్ పంపారు. "కింద అంత రోడ్డు ఎందుకు? ఆయన చెయ్యి చూడు, మణికట్టు దగ్గర తెగిపోయింది."

నాకు ఒళ్లు మండింది. కానీ మళ్లీ వెళ్లి తీశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఆయన ఒకప్పుడు షాపుల బోర్డులు, గోడ ప్రకటనలు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, ఇంకేవో చేశారు, తర్వాత జబ్బు వచ్చింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత జాగా వదలాలి, అంచు ఎక్కడ ఆపాలి అని ముప్పై అడుగుల గోడ మీద కంటితోనే లెక్క కట్టిన మనిషి. ఆ కన్ను ఇన్నాళ్లూ పనిలేకుండా ఉందని నాకప్పటిదాకా తట్టలేదు. నేను బయట తీయడం, ఆయన లోపల చూసి తిట్టడం, నేను మళ్లీ తీయడం. అట్లా ఆ నాలుగు గంటలు మా ఇద్దరికీ ఒక పని దొరికింది. "కరెంటు స్తంభం ఆమె తలలోంచి మొలిచింది." "ఆకాశం తెల్లగా పోయింది, ఫోన్ తెర మీద నొక్కి కిందికి జరుపు." "ఇది పర్వాలేదు." ఈ చివరిది నెలకో రెండు నెలలకో వస్తే గొప్ప. ఇంటికి వచ్చాక ఆయనకు నీరసంగా ఉంటుంది, మాట్లాడరు. కానీ మర్నాడు డయాలసిస్ లేని రోజు కూర్చుని ఫోన్‌లో ఉన్నవన్నీ జల్లెడ పట్టేవారు. ఉంచేవి తక్కువ, తీసేసేవి ఎక్కువ.

మధ్యలో మా అమ్మాయి చెప్పిందని ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా పెట్టి చూశాను. అది నాకు పనికి రాలేదు. లైకులు వస్తే ఒక టెన్షన్, రాకపోతే ఒక టెన్షన్. అసలే టెన్షన్లకు కొదవ లేని ఇల్లు. మానేశాను. మీకు పడితే పెట్టుకోండి, కానీ కష్టంలో ఉన్నప్పుడు తెలియని వాళ్ల మెప్పు కోసం చూడటం మంచిది కాదని నా అభిప్రాయం. చూసే మనిషి ఒక్కరు చాలు. ఆ ఒక్కరు మాత్రం నిజంగా చూడాలి, "సూపర్" అని పెట్టి ఊరుకోకూడదు.

ఎక్కడ తీయాలి అని మీరు అడగలేదు గానీ, ఎవరైనా చెప్పేది ఒకటే: ఓర్వకల్లు రాళ్ల దగ్గరికి వెళ్లు, బెలుం గుహలకు వెళ్లు, గండికోటకు వెళ్లు అని. మంచం మీద మనిషిని పెట్టుకున్నవాళ్లకు ఇవన్నీ కుదిరే పనులా? నాకు ఉన్నది గంటన్నర, రెండు గంటలు. సీ క్యాంపు రైతు బజారు, కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల వీధులు, ఆటోకు డబ్బులుంటే తుంగభద్ర గట్టు. అంతే నా ప్రపంచం. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు వెలిసిన క్యాంపులు కదా, ఏ, బీ, సీ అని. ఆ పాత క్వార్టర్ల గోడలు, వేపచెట్లు తీస్తూ ఉంటే మా ఆయన అక్కడ తను రాసిన బోర్డులు ఎక్కడెక్కడ ఉండేవో చెప్పడం మొదలుపెట్టారు. కొన్ని గోడల మీద సున్నం వెనక అక్షరాలు ఇంకా మసకగా కనిపిస్తాయి. వాటిని వెతకడం మాకో పిచ్చి అయింది.

నదిని మాత్రం ఒకే చోటినుంచి తీస్తుంటాను. ఎండాకాలంలో అక్కడ నీళ్లు గుంటల్లోనే ఉంటాయి, రాళ్ల మీద చీరలు ఆరేసి ఉంటాయి. పైన వానలు పడి సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లు వదిలితే అదే చోట ఒక్క రాయి కూడా కనపడదు. కొత్త చోటు కోసం తిరిగే ఓపిక లేనివాళ్లకు ఈ పద్ధతి బాగుంటుంది. కదలకుండా నిలబడినా ఫొటో మారుతూనే ఉంటుంది.

ఎడాపెడా తీయడం వల్ల ఉపయోగం లేదన్నది నేను పడుతూ లేస్తూ తెలుసుకున్నదే, కానీ దాని మీద ఒక పరిశోధన కూడా ఉంది. లిండా హెంకెల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించారు. మ్యూజియంలో వస్తువులను ఊరికే ఫొటో తీసుకుంటూ పోయినవాళ్లకు, కళ్లతో చూసినవాళ్లకన్నా తక్కువ గుర్తున్నాయట. కానీ వస్తువులో ఒక భాగం మీద జూమ్ చేసి తీసినవాళ్లకు జ్ఞాపకం ఏమీ తగ్గలేదట. నాకు ఇందులో ఆశ్చర్యం కనపడలేదు. బురుజు మొత్తం తీసిన రోజు ఏం చూశానో నాకు గుర్తులేదు. బురుజు రాళ్ల సందులో పావురం పెట్టిన పుల్లలు తీసిన రోజు పక్కన ఎవరు ఏం మాట్లాడుకున్నారో కూడా గుర్తుంది. బుర్రలో ఒకటే ఆలోచన గానుగెద్దులా తిరుగుతున్నప్పుడు, ఆ పుల్లలు అంచులో తెగకుండా చూసుకోవాల్సిన అర నిమిషం చాలా పెద్ద విశ్రాంతి.

ఇంతవరకూ చెప్పింది పొద్దు గడవడం గురించి. మీరు అడిగిన రెండో మాట, బతుక్కి ఏదైనా అర్థం ఉన్నట్టు అనిపిస్తుందా అని. అది మా వీధి చివర ఉండే అవ్వ వల్ల వచ్చింది.

ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ అడిగింది. "నువ్వు ఫొటోలు తీస్తావంట గదా. నాదొకటి తియ్యి, పోయినాక పటం కట్టేదానికి." నేను అట్లా అనొద్దవ్వా అన్నాను. "ఏమనొద్దు? నేను పోతే ఆధార్ కార్డులో బొమ్మే పెద్దది చేసి పెడతారు. అది చూస్తే నా మనవరాండ్లు జడుసుకుంటారు" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ ఆమె చెప్పింది నిజం. చావు ఇంటికి వెళ్లినప్పుడు గమనించండి. దండ వేసిన పటంలో ముఖం మసకగా, బూడిద రంగులో, బిత్తరచూపుతో ఉంటుంది. ఆధార్ కార్డునుంచో, ఎవరిదో పెళ్లి ఫొటోలో వెనక వరుసలోంచో కోసి తీసి పెద్దది చేసినదై ఉంటుంది.

అవ్వకు మంచి ఫొటో లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి ఊరి మీద పడ్డాయి కదా. పాతబస్తీలో జనం మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కింద బీరువాల్లో, ట్రంకు పెట్టెల్లో ఉన్నవన్నీ నానిపోయాయి. బియ్యం, బట్టలు, పుస్తకాలు మళ్లీ కొనుక్కున్నారు. పెళ్లి ఆల్బమ్ ఎక్కడ కొంటారు? వాళ్లాయన ఫొటో ఒక్కటే ఉండేదట, అది కూడా పోయింది. "ఆయన ముఖం నాకు గుర్తే. నా పిల్లోళ్లకే మర్చిపోతాందేమో" అంది.

అవ్వ పట్టుచీర కట్టుకుని వచ్చింది. గడప లోపల ముక్కాలి పీట వేసి, ముఖం వీధి వైపు పెట్టి కూర్చోమన్నాను. తలుపులోంచి వచ్చే వెలుతురు అంత మెత్తగా ఏ స్టూడియో లైటూ ఉండదు. నేరుగా ఎండ పడకూడదు, నీడ వెలుతురే ఉండాలి. మరీ దగ్గరికి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదిగా వస్తుంది కాబట్టి నాలుగైదు అడుగులు వెనక్కి వచ్చి, ఫోన్‌లో రెండింతల జూమ్ పెట్టాను. బ్యూటీ ఫిల్టర్ తీసేశాను. అది ముడతలన్నీ చెరిపి మనిషిని మైనపు బొమ్మ చేస్తుంది. చాలా తీసి మా ఆయన చేతికిచ్చాను. అవ్వ బాగా నవ్వినది ఒకటి నాకు నచ్చింది. ఆయన దాన్ని పక్కన పెట్టి, నవ్వడానికి ఒక్క క్షణం ముందుది ఎంచారు. "నవ్విందాంట్లో పళ్లు కనపడతాయి. దీంట్లో అవ్వ కనపడుతుంది" అన్నారు.

ప్రింటు చేయించి ఇచ్చాక అవ్వ దాన్ని దాచలేదు. ముందే పటం కట్టించి గోడకు తగిలించింది. వచ్చినవాళ్లందరికీ చూపించి "దండ ఒకటే బాకీ" అంటుంది. అప్పటినుంచి మా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మా ఆయనకు జబ్బు చేశాక ఇంటికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు, వచ్చినా "ఎట్లుంది ఇప్పుడు?" అని జాలిగా అడిగేవాళ్లే. ఇప్పుడొచ్చేవాళ్లు ఆయన్ను పేషెంటులా చూడరు. ఫొటో ఎంచిపెట్టే మనిషిగా చూస్తారు. ఆయన గొంతు కూడా వేరేగా ఉంటుంది వాళ్లతో.

మా ఊళ్లోని గోల్ గుమ్మజ్ వైపునుంచి ఒక పెద్దాయన తన నిఖా ఫొటో తెచ్చారు. వరదలో తడిసి, ఫ్రేమ్ అద్దానికి అతుక్కుపోయింది. మీ ఇంట్లో కూడా ఇలాంటివి ఉంటే దయచేసి పీకకండి. పీకితే ముఖాలు అద్దానికే ఉండిపోతాయి. అద్దంతో పాటే ఫొటో తీసుకోవాలి. మేం చేసిన పద్ధతి ఇది: కిటికీ పక్కన నేల మీద పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకున్నాం. పైనుంచి ఫోన్ సరిగ్గా సమాంతరంగా పట్టుకోవాలి. అద్దంలో మన నీడ, ఫోన్ మెరుపు పడకుండా ఒక నల్ల గుడ్డకు చిన్న కన్నం చేసి, అందులోంచి కెమెరా చూసేట్టు ఫోన్‌కు చుట్టాలి. ఫ్లాష్ వేయకూడదు. తర్వాత స్నాప్‌సీడ్ అనే ఉచిత యాప్‌లో మరకలు కొన్ని చెరపవచ్చు. ముఖం మీద మరకలు మాత్రం మేం ముట్టుకోలేదు, చెరిపితే వేరే మనిషి అవుతారు. పెద్దాయన భార్య ఆ కాపీ చూసి, పక్కన నిలబడిన చిన్నపిల్ల తన చెల్లెలని గుర్తుపట్టింది.

ప్రింట్ల గురించి రెండు మాటలు, స్టూడియోవాళ్లు చెప్పరు కాబట్టి. ఫోన్ ఫొటో మామూలుగా 4:3 కొలతలో ఉంటుంది. మ్యాక్సీ ప్రింటు 4×6 అంగుళాలు, అంటే 3:2. కొలత కుదరక, ఫోన్ అడ్డంగా పట్టి తీసినదైతే పైనా కిందా, నిలువుగా తీసినదైతే రెండు పక్కలా కోసేస్తారు. అందుకే మనిషి చుట్టూ కాస్త జాగా వదిలి తీయండి. రెండోది, ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. ప్రింటు ఖర్చు నేను వాళ్లనే పెట్టుకోమంటాను, నాకంటూ ఏమీ తీసుకోను. కొందరు ఊరికే ఉండలేక అరటిపండ్లు తెస్తారు. పొటాషియం ఎక్కువని ఆయనకు పెట్టకూడదు, కాబట్టి అన్నీ నేనే తింటున్నాను.

ఒక విషయంలో మా ఇద్దరికీ గట్టి పట్టింపు ఉంది. డయాలసిస్ గదిలో, ఆసుపత్రి కుర్చీల్లో ఉన్నవాళ్లను తీయం. బాధలో ఉన్న ముఖం ఫొటోకు బాగా వస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు. మా ఆయన తనను కూడా మిషన్ మీద తీయనివ్వలేదు. మీ నాన్నగారి విషయంలో కూడా ముందు ఆయన్ను అడగండి. మాట రాకపోతే కళ్లు చెప్తాయి.

ఇవన్నీ చదివి ఫొటోగ్రఫీతో దుఃఖం పోతుందని అనుకోకండి. మాకు పోలేదు. బీపీ పడిపోయి ఆయన్ను మధ్యలో మిషన్‌నుంచి తీసేసిన రోజులు ఉన్నాయి, ఆ రోజుల్లో ఫోన్ సంచిలోంచి బయటికే రాలేదు. రావాలని కూడా లేదు. నిద్ర పట్టక, అన్నం సహించక, బతకాలని లేదు అనిపించేదాకా వస్తే ఫొటోలు తీస్తూ కూర్చోవద్దు. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, ఫోన్ చేయడానికి డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మీ ప్రశ్నలో "పగలూ రాత్రీ ఇంట్లోనే" అన్న మాట చూసి ఇది రాస్తున్నాను.

మీ విషయానికి వస్తే, చూసే మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడని నాకు అనిపిస్తోంది. నాన్నగారు ఇంతకుముందు రోజూ ఎక్కడెక్కడికి వెళ్లేవారు? పత్తి మార్కెట్ యార్డుకా, కోట కొండ వైపా, జామియా మసీదు దగ్గర టీ కొట్టుకా? ఆయన ఇప్పుడు వెళ్లలేని చోట్లకు మీరు ఒక గంట వెళ్లి రండి. ఆ గంట ఇంట్లో ఎవరైనా కూర్చునే ఏర్పాటు చేసుకోండి, పక్కింటివాళ్లను అడగడానికి మొహమాటపడకండి. వచ్చాక ఒకే చోటువి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఏది బాగుందని అడగండి. మాట తడబడినా వేలితో చూపించవచ్చు, కనురెప్పతో చెప్పవచ్చు. "బాగుందా నాన్నా?" అని మాత్రం అడగొద్దు. దానికి అందరూ బాగుందనే అంటారు. రెండింట్లో ఒకటి ఎంచమంటే ఆయనకు పని ఇచ్చినట్టు. కొన్నాళ్లకు "అక్కడికి కాదు, ఇక్కడికి పో" అని ఆయనే పంపుతారేమో చూడండి. మా ఆయన అట్లా పంపిన వాటిలో సంగమేశ్వరం ఒకటి. శ్రీశైలం నీళ్లు తగ్గితే ఎండాకాలంలో బయటపడే గుడి కదా, డయాలసిస్ లేని రోజు చూసి తమ్ముడి కారులో ఇద్దరం వెళ్లాం. ఎండకు ఆయన కారు దిగలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి ఎటు నిలబడాలో చెప్తూనే ఉన్నారు.

ఇక కెమెరా. ఇప్పుడే కొనొద్దు తమ్ముడూ. ఉన్న ఫోన్ లెన్సును మెత్తటి గుడ్డతో తుడిచి, కొన్ని నెలలు దానితోనే తీయండి. చాలాసార్లు ఫొటోలు మసకగా రావడానికి కారణం లెన్సు మీది మురికే. తర్వాత కూడా మనసు లాగుతూ ఉంటే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకోగల పెద్ద కెమెరా) చూడండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్క అడగండి. లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల సాలెగూడులాంటి బూజు ఉందేమో చూడండి, ఉంటే ఎంత చవకైనా వద్దు. కెమెరాతో పాటు మామూలుగా వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్సు మొదట సరిపోతుంది. మనుషుల ముఖాలే తీయాలనుకుంటే 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు తక్కువ ధరలో దొరుకుతుంది, అది ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది కాబట్టి వెలుతురు తక్కువున్న ఇళ్లలో బాగా పనిచేస్తుంది. నాకు మాత్రం ఇప్పటికీ ఫోనే. పోయిన దసరాకు అమ్మాయి కెమెరా కొనిస్తానంటే మా ఆయనే వద్దన్నారు. కెమెరా అయితే ఫొటోలు ఇంటికొచ్చి ఎక్కించేదాకా ఆగాలట, మిషన్ మీద ఆయనకు ఏం తోస్తుంది అని.